ఎవరి తల వాళ్ళింటికే

కిందటి వారం కృపమణిని కర్నూలు బస్టాండు బెంచీ మీద వదిలి వచ్చాం. మాట్లాడటం అయిపోయినా ఫోను ఇంకా చెవి దగ్గరే ఉండిపోయింది ఆమెకు. బెంగుళూరులో మెదడు గురించి పై చదువు చెప్పే ఒక పెద్ద సంస్థ ఆమె దరఖాస్తును పక్కకు తీసి పెట్టుకుంది. అక్కడి ప్రొఫెసరమ్మ ఫోను చేసి చాలాసేపు మంచిగా మాట్లాడింది. చివర్లో ఒక్క ప్రశ్న వేసింది. "మీ అన్న మెదడు మీదే పని చేశానని రాశావు. ఆ సంగతి మీ అమ్మగారికి తెలుసు కదా?" తెలుసండీ అనేసింది కృపమణి. "అయితే సోమవారం ఇంటర్వ్యూలో ఆవిడతో కూడా రెండు మాటలు మాట్లాడతాను. నాకు తెలుగు వచ్చులే" అని ఆమె ఫోను పెట్టేసింది.

ఆ తల్లికి ఏమీ తెలియదు.

ఈ వారమే కథలోకి వచ్చినవాళ్ళకు ఇంకొక్క మాట చెప్పాలి. కృపమణి అన్న పేరు ఏసేపు. చిన్నప్పటి నుంచి మూర్ఛ రోగం. పోయిన వానాకాలం కె.సి. కాలువ గట్టున ఫిట్సు వచ్చి నిండు నీళ్ళలో పడిపోయాడు. పోస్టుమార్టం జరిగిన రోజు తల్లి సంతోషమ్మ బయట గేటు దగ్గర సొమ్మసిల్లి పడి ఉంటే, లోపల వరండాలో డాక్టర్ లక్ష్మీప్రియ కృపమణిని పక్కకు పిలిచింది. మెదడు మీద పరిశోధనకు ఆ డాక్టరమ్మ నడిపే చిన్న ల్యాబులోనే కృపమణి ఎమ్మెస్సీ అయ్యాక పనికి చేరింది. మీ అన్న మెదడును నాకిస్తే ఇలాంటి రోగం ఎందుకు వస్తుందో చూడొచ్చని ఆమె అడిగింది. కృపమణి సరేనంది. ఆ సాయంత్రం ఏసేపును పాటలు పాడి సమాధి చేశారు. మెదడు మాత్రం ల్యాబులో సీసాలో ఉండిపోయింది.

శనివారం పొద్దున కృపమణి మాంసం మార్కెట్టు వెనక సందులోకి నడిచింది. ఆ సందులో మనుషుల కంటే ముందు వాసన ఎదురొస్తుంది, వెంట్రుకలు కాలిన వాసన. రేకుల చాటున పీట మీద కూర్చుని సంతోషమ్మ మేక తలకాయను మంటలో తిప్పుతూ ఉంది. మొగుడు పోయిన నాటి నుంచి ఆ మంటే ఆమెకు సేద్యం. జనం తెచ్చిన తలకాయలు, కాళ్ళు కాల్చి, గీకి, కడిగి, పుర్రె పగలగొట్టి ఇస్తుంది.

కాల్చడం ఎవరైనా నేర్చుకుంటారు. ఒకరి తల ఇంకొకరికి పోకుండా చూడటమే ఈ పనిలో కష్టం. పండగ వస్తే ఎన్నో ఇళ్ళ తలకాయలు ఒకే కుప్పలో పడతాయి. కాలినాక అన్నీ నల్లగా ఒకే మొహంతో ఉంటాయి. మొక్కు తీర్చుకున్న పొట్టేలు తల పక్కింటి కుండలో ఉడికితే ఆ వీధిలో ఏడాది దాకా మాటలుండవు. బక్రీదు పొట్టేలుదైతే ఇక చెప్పనక్కరలేదు. అందుకే సంతోషమ్మ ప్రతి తలకాయకూ చెవి మొదట్లో ఇనుప తీగ గుచ్చి మెలిపెడుతుంది. గుడ్డ పీలిక అయితే కాలిపోతుంది, తీగ కాలదు. ఒకరింటికి ఒంటి మెలిక, ఒకరింటికి జడ మెలిక, ఒకరింటికి కొక్కెం. చిన్నప్పుడు ఆ తీగలు వంచి అందించింది కృపమణే. ఎవరి తల వాళ్ళింటికే పోవల్ల, అది తప్పితే ఈ పీట మీద కూర్చునే మొహం మనకుండదని తల్లి చెబుతూ ఉండేది.

ఆదివారాలు ఆమె కూలి డబ్బులకు బదులు మంచి మెదడు ఒకటి అడిగి తీసుకుని దాచేది. మెదడుకు మెదడే మందు అని ఎవరో చెప్పారు, ఆమె నమ్మింది. మిరియాలు వేసి వేయించి, చర్చి నుంచి రాగానే ఏసేపు పళ్ళెంలో పెట్టేది. కూతురికి ఒక్క ముక్క కూడా దక్కేది కాదు. కృపమణి అలా చూస్తూ కూర్చునేది. అన్న నోట్లోకి పోయే ఆ ముడతల ముద్ద అన్న తలలో ఉన్న ముడతల ముద్దను ఎట్లా బాగుచేస్తుందని ఆలోచించేది. తాను మెదడు చదువుకు ఎందుకు రావాలనుకుంటోందో రాయమంటే దరఖాస్తులో మొదట ఆ పళ్ళెం గురించే రాసింది.

కృపమణిని చూడగానే పక్కన పేగులు కడుగుతున్న నాగక్క చేతులు ఆపింది.

"ఏం పాపా, మెదడు సదువు సదవనీకి బెంగుళూరు పోతాండావంట. మీయమ్మనడిగితే ఈడే ఉల్లిగడ్డలేసి పెడుతుండె గదా."

"నీకు లేనిదాని గురించి నీకెందుకే" అంది సంతోషమ్మ, తల ఎత్తకుండానే.

నాగక్క విరగబడి నవ్వింది. సంతోషమ్మ పెదవి కూడా ఒక పక్కకు కదిలింది. ఏసేపు పోయాక ఆ పెదవి అట్లా కదలడం కృపమణి చూడలేదు. ఆ కాస్త నవ్వును పోగొట్టాలనిపించలేదు. ఇంకో రోజు చెబుదామా అనుకుంది. ఇంకో రోజంటే ఆదివారం, దాని తర్వాత సోమవారమే.

మధ్యాహ్నం దాకా నీళ్ళు పోస్తూ, బూడిద ఎత్తుతూ తల్లికి సాయం చేసింది. ఎండకు సందు ఖాళీ అయింది. నాగక్క అన్నానికి ఇంటికి పోయింది. సంతోషమ్మ ఒక్క తలకాయను మాత్రం ఒళ్ళో పెట్టుకుని కత్తితో గీకుతోంది.

"అమ్మా, సోమవారం బెంగుళూరు మేడమ్ నీతో మాట్లాడుతుందంట" అంది కృపమణి.

"నాతోనా? నాకేం తెలుసని?"

"అన్న గురించి."

ఆ తర్వాత కృపమణి ఆగకుండా చెప్పింది. ఆగితే మళ్ళీ మొదలుపెట్టలేనని ఆమెకు తెలుసు. వరండాలో డాక్టరమ్మ అడిగిన మాట, తానన్న మాట, సీసా, ఆ సీసా ముందు ఇన్ని నెలలు తాను కూర్చుని చేసిన పని, ఫోనులో ఆడిన అబద్ధం, అన్నీ చెప్పింది. కత్తి మొదట్లో ఆగలేదు. చర్ చర్ మని గీకుతూనే ఉంది. మధ్యలో ఎక్కడో చప్పుడు ఆగిపోయింది.

సంతోషమ్మ కత్తిని పీట పక్కన పెట్టింది.

"కుట్లుండె. నేను కడిగినప్పుడు సూసినా. ఈ చెవికాడి నుంచి ఆ చెవి దాకా. ఏందివి పాపా అంటే, పోస్టుమార్టం కుట్లులేమ్మా అంటివి."

"అవి అవే అమ్మా."

"అవే. లోపల ఉన్నెది ఉంచి కుట్టినారా అని నేనడగలే." తలకాయను పక్కన గోనె మీద పెట్టింది. "యాలిచ్చినావు?"

"అన్నకు ఎందుకట్ల వచ్చేదో తెలుసుకోవాలని."

"తెలిసెనా?"

"కొంచెం."

"కొంచెం" అంది తల్లి. ఆ మాటను నోట్లో రాయి పెట్టుకున్నట్టు కాసేపు ఉంచుకుంది. "మీ తాత పేరని వానికి ఏసేపని పెట్టుకుంటిమి. బైబిల్లో ఏసేపును అన్నలు గుంతలో తోసి పరాయోళ్ళకు అమ్మినారు. మన ఇంట్లో చెల్లెలు."

"నేను అమ్మలేదు. దుడ్లు తీసుకోలేదమ్మా."

"వాళ్ళన్నా వెల కట్టినారు. నువ్వు ఊరికే ఇస్తివి."

ఆమె గొంతు పెంచలేదు. కొట్టి ఉంటే బాగుండునని కృపమణికి అనిపించింది. నేరం చేసిన చేతులన్నట్టు తన చేతులనే చూసుకుంటూ కూర్చుంది. అన్న పోయిన మొదటి నెలల్లో రాత్రుళ్ళు తల్లి నిద్రపోక అడిగేది, ప్రాణం యాడుంటాది, తలపులు యాడుంటాయి అని. కృపమణి తనకు తెలిసిందంతా విడమరిచి చెప్పేది. చదువుకున్న బిడ్డ చెబుతుంటే తల్లి బుద్ధిగా వినేది. ఆ చెప్పిందంతా ఇప్పుడు తిరిగి వచ్చింది.

"నువ్వే జెప్పినావు. మనిషికి గుర్తుండేదంతా తలకాయలోనే ఉంటాది, గుండెకాయలో ఏం లేదు అని. అమ్మ మొగం, ఇంటి దారి, పాటలు, అన్నీ ఆడనే అని." సంతోషమ్మ కొంగుతో చేతుల మసి తుడుచుకుంది. "కడబూర మోగిన దినం సమాధులు తెరుచుకుంటాయి. వాడు లేస్తాడు. లేసి నిలబడి నన్ను సూసి, ఎవరమ్మా నువ్వు అంటాడు. అప్పుడు నేనేం జెప్పల్ల?"

కృపమణి చదివిన పుస్తకాలలో ఆ ప్రశ్న లేదు. పాస్టరయ్య చెప్పే వాక్యాల్లోనూ లేదు. కూతురు చెప్పిన చదువునూ చర్చిలో విన్న మాటనూ తల్లి రెంటినీ నమ్మింది. అదీ ఆమె చేసిన తప్పు.

"దానికేం గుర్తు కట్టినారు?" అని అడిగింది సంతోషమ్మ.

"చీటీ అంటించినారు. నంబరు."

"పేరు లేదా?"

"పేరు రాయకూడదమ్మా."

సంతోషమ్మ డబ్బాలో నుంచి ఇనుప తీగ ముక్క తీసింది. మెల్లగా వంచింది. ఏ ఇంటికీ ఎప్పుడూ కట్టని మెలిక అది, రెండు కొనలూ ఒకదాన్నొకటి పట్టుకున్నట్టు ఉంది. ఏసేపుకు ఫిట్సు వచ్చినప్పుడల్లా ఇనుము చేతిలో పెడితే దిగుతుందని తాళాల గుత్తిని అతని పిడికిట్లో ఇరికించేది. సమాధి చేసిన రోజు కూడా ఆ గుత్తిని అతని చేతిలో పెట్టాకే శవపేటిక మూయనిచ్చింది. ఇప్పుడీ తీగను వేలికి చుట్టుకుని లేచింది.

"పద. నన్ను ఆడికి తీసుకపో. సూసొస్తాం."

ఇంటికి పోయి తలంటుకుని చర్చికి కట్టే తెల్ల చీర కట్టింది. ఆటోలో ఇద్దరి మధ్యా ఒక మనిషి కూర్చునేంత చోటు వదిలింది. ఆటోవాడు వెనక్కి ఒకసారి చూసి పాట ఆపేశాడు.

ల్యాబులో డాక్టర్ లక్ష్మీప్రియ తెల్ల చీరను చూసింది, కృపమణి మొహం చూసింది, విషయం అర్థమై కుర్చీలో నుంచి లేచి నిలబడింది. కూర్చోమ్మా అంది. సంతోషమ్మ కూర్చోలేదు. మా వాన్ని సూసి పోదామని వచ్చినానని చెప్పింది, ఆసుపత్రిలో రోగిని చూడవచ్చినట్టు.

కృపమణి లోపలి గదిలోకి నడిచింది. మూడో అరలో కిటికీ వైపు, ఎప్పుడూ ఉండే చోట, సీసా లేదు. సీసా ఉండిన గుండ్రటి మచ్చ మాత్రం మిగిలింది. ఇంటర్వ్యూకు చదువుకోవాలని సెలవు పెట్టి వారాలు గడిచాయి, ఈ గదిలోకి రాలేదు. అటుపక్క అరలు, కింది అరలు వెతికింది. వెనక నుంచి డాక్టరమ్మ అంది, "అక్కడ లేదు కృపా. బెంగుళూరు పంపించాను."

"ఎవరికి మేడమ్?"

"నీకు ఫోన్ చేసిన ఆవిడకే."

డాక్టరమ్మ చెడ్డ మనిషి కాదు. తలుపు చట్రాన్ని పట్టుకుని, తప్పు దొరికిన పిల్లలా నిలబడి చెప్పుకొచ్చింది. సగం మెదడు పొరలు కోసి ఇక్కడే గాజు పలకల మీద ఉంచామని, సగం కోయకుండా ఉందని, ఆ సగాన్ని పరీక్షించే యంత్రాలు తన దగ్గర లేవని అంది. కృపమణి గురించి రాసిన సిఫార్సు, ఆ సీసా ఒకే రోజు బయలుదేరాయట.

"నీ కోసమే పంపాను. ఊరికే మంచి అమ్మాయి అని రాస్తే వందల్లో నువ్వొకదానివి. ఇలాంటి మెదడు వాళ్ళకు అరుదుగా దొరుకుతుంది. దాని మీద పని తెలిసిన అమ్మాయి ఈమె అని రాస్తే ఆగి చూస్తారు."

ఆగి చూశారు. ఇన్నాళ్ళూ కృపమణి తన మాటలు చూసి, ఆ పళ్ళెం గురించి రాసిన నాలుగు ముక్కలు చూసి పిలిచారనుకుంది. వాళ్ళు పిలిచింది అన్నను. తోడుగా తనను.

సంతోషమ్మ మాత్రం ఒక్క మాటే పట్టుకుంది.

"సగం ఈడ, సగం ఆడ" అంది. "ఈడుండే సగం సూపియ్యమ్మా."

డాక్టరమ్మ చెక్క పెట్టెలో నుంచి ఒక గాజు పలక తీసి ఇచ్చింది. సంతోషమ్మ దాన్ని రెండు చేతులతో పట్టుకుని కిటికీ వెలుగుకు ఎత్తింది. వంకాయ పువ్వు రంగులో పొర, ఉల్లిపొర కంటే పల్చగా ఉంది. దాని మధ్యలో వంకర తిరిగిన ఒక చార. ఆమె చాలాసేపు చూసింది. ఇంత కాలం ఎన్ని మెదళ్ళు తీసి ఇచ్చినా, ఇట్లా వెలుగు అవతలి నుంచి రావడం ఆమె చూడలేదు. ఇందులో ఏది రోగమని అడిగింది. కృపమణి వెళ్ళి ఆ చార దగ్గర వేలు పెట్టి చూపించింది. ఇక్కడ కణాలు చచ్చిపోయినాయమ్మా, చిన్నప్పుడే పోయినాయి, నువ్వేం పెట్టినా తిరిగి వచ్చేవి కాదు అని చెప్పింది. ఆ చివరి మాట ఓదార్పు అనుకుని చెప్పింది. తల్లి కళ్ళు మూసుకోవడం చూశాక అది ఓదార్పు కాదని తెలిసింది. ఎన్ని ఆదివారాల పళ్ళాలు ఆ కళ్ళ వెనక ఖాళీ అయ్యాయో.

చర్చిలో ప్రభువు బల్ల ద్రాక్షరసం తాగి గిన్నె తిరిగి ఇచ్చినట్టు, సంతోషమ్మ ఆ పలకను జాగ్రత్తగా డాక్టరమ్మ చేతిలో పెట్టింది.

"ఒక్క మాట దాయకుండా సెప్పు తల్లీ. ఆ బెంగుళూరామె నన్నడిగినప్పుడు, నాకు తెలుసు, నేను ఒప్పుకునే ఇచ్చినా అంటే ఏమైతాది?"

"అక్కడే ఉంటుంది. కృపకు సీటు వస్తుందనే నా నమ్మకం."

"నాకు తెల్దు అంటే?"

డాక్టరమ్మ కృపమణి వైపు చూడలేదు. "తిరిగి పంపిస్తారు. పంపాలి. ఈ పలకలు కూడా కలిపి మీ అబ్బాయి సమాధిలో పెట్టుకోవచ్చు."

"పిల్ల?"

"అబద్ధం చెప్పిందని తేలితే ఏ ల్యాబూ తీసుకోదమ్మా. అక్కడే కాదు, ఎక్కడా."

సంతోషమ్మ తన వేలి మీది తీగను తిప్పుకుంటూ నిలబడింది. బాప్తిస్మం తీసుకున్న నాటి నుంచి ఆమె అబద్ధ సాక్ష్యం పలికింది లేదు. ఒకసారి ఏసేపు ఫిట్సు వచ్చి ఒకరి సైకిలు విరగ్గొడితే, ఎవరూ చూడకపోయినా, ఆ ఇల్లు వెతుక్కుంటూ పోయి మా వాడే అని చెప్పి వచ్చిన మనిషి. కృపమణికి అది గుర్తొచ్చింది. చెప్పకమ్మా అని అడగాలనీ ఉంది, నిజమే చెప్పమ్మా అని అడగాలనీ ఉంది.

"ఫోన్ సెయ్యి" అంది తల్లి.

"సోమవారం అన్నారమ్మా."

"ఇది కడుపులో పెట్టుకోని నేను రేపు చర్చిలో యాడ కూసోవల్ల? ఇప్పుడే సెయ్యి."

కృపమణి చేసింది. వేళ్ళు చెమటకు జారుతుంటే చున్నీకి తుడుచుకుని మళ్ళీ నొక్కింది. అవతల మోగుతోంది. ఎత్తకపోతే బాగుండునని ప్రార్థించింది. ఎవరికి ప్రార్థిస్తోందో ఆమెకే తెలియలేదు. ఎత్తారు. తడబడుతూ, మా అమ్మ మాట్లాడతానంటోంది మేడమ్ అని చెప్పి ఫోను అందరికీ వినిపించేలా పెట్టింది.

సంతోషమ్మ చేయి చాపి ఫోను తీసుకుంది. తీగ చుట్టిన వేలు ఫోను వెనక తెల్లగా బిగుసుకుంది. అవతలి గొంతు మెత్తగా ఉంది, మర్యాదగా ఉంది.

"నమస్తే అమ్మా. కృపమణి వాళ్ళమ్మగారేనా?"

సంతోషమ్మ కూతురి మొహం వైపు చూసింది. కుప్పలో నుంచి ఒక తలను తీసి గుర్తు కోసం చూసేటప్పుడు ఆమె అట్లాగే చూస్తుంది.

"ఏసేపు వాళ్ళమ్మను" అంది.